తెరకెక్కని స్క్రిప్టులతో స్క్రీన్‌ప్లే సాధన: ప్రాజెక్టు డైరీ

ఎందుకు మొదలుపెట్టానంటే

స్క్రీన్‌ప్లే నేర్చుకోవాలంటే హిట్ సినిమాల స్క్రిప్టులు చదవమని అందరూ అంటారు. నేనూ కొన్నాళ్లు అవే చదివాను. చదువుతున్నంతసేపూ తలలో సినిమా ఆడుతూనే ఉంటుంది. కాగితం మీద "అతను తల తిప్పి చూస్తాడు" అని మాత్రమే ఉంటుంది. కానీ ఆ నటుడి ముఖం, వెనక వచ్చే మ్యూజిక్, ఆ వెలుతురు అన్నీ గుర్తొచ్చేసి సీన్ అద్భుతంగా అనిపిస్తుంది. అందులో రాసినవాళ్ల పని ఎంత, మిగతావాళ్ల పని ఎంత అని విడదీయడం నా వల్ల కాలేదు. పైగా పుస్తకాలుగా వచ్చే స్క్రిప్టుల్లో కొన్ని, ఎడిటింగ్ పూర్తయ్యాక సినిమాకు సరిపోయేలా సవరించినవి. రచయిత మొదట ఏం రాశారో వాటిలో కనిపించదు.

సినిమాగా రాని స్క్రిప్టులో ఆ సాయం ఏదీ ఉండదు. నవ్వొచ్చినా, భయమేసినా, ఆ పని మాటలే చేసి ఉండాలి. అందుకే కొంతకాలం అవి మాత్రమే చదవాలని, చదివిన ప్రతిదాని మీదా ఏదో ఒక పని చేయాలని, చివరికి ఒక చిన్న స్క్రిప్టు సొంతంగా రాయాలని పెట్టుకున్నాను. ఈ డైరీ దాని గురించే.

ఏవి చదవాలి

తెరకెక్కలేదంటే బాగోలేదని కాదు. బడ్జెట్ దొరక్క ఆగినవి, హక్కుల దగ్గర చిక్కుకున్నవి, అదే కథతో ఇంకో సినిమా ముందే వచ్చేయడం వల్ల ఆగినవి ఎన్నో. హాలీవుడ్‌లో ఫ్రాంక్లిన్ లెనర్డ్ 2005లో బ్లాక్ లిస్ట్ అనే వార్షిక జాబితా మొదలుపెట్టారు. ఇంకా నిర్మాణం కాని స్క్రిప్టుల్లో తమకు బాగా నచ్చినవేవో స్టూడియోల్లో, నిర్మాణ సంస్థల్లో పనిచేసేవాళ్లను అడిగి, ఒక్కోదాన్ని ఎంతమంది పేర్కొన్నారో లెక్కగట్టి పెడతారు. ఇవి "ఉత్తమమైనవి" అని వాళ్లు అనరు, "ఎక్కువమందికి నచ్చినవి" అంటారు. స్లమ్‌డాగ్ మిలియనీర్, స్పాట్‌లైట్ రెండూ అలా జాబితాలో ఉండి, తర్వాత సినిమాలై, ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలుచుకున్నాయి.

జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన ఆ స్క్రిప్టు మన చేతికి వస్తుందని కాదు. ఎవరి అనుమతీ లేకుండా చేతులు మారుతున్న కాపీల జోలికి వెళ్లకూడదని ముందే అనుకున్నాను. నేను ఎంచుకున్నవి రెండు రకాలు. ఒకటి, పుస్తకరూపంలో వచ్చినవి: ఫ్రెంచ్ రచయిత ప్రూస్ట్ నవల ఆధారంగా బ్రిటిష్ నాటక రచయిత హెరాల్డ్ పింటర్ రాసిన ప్రూస్ట్ స్క్రీన్‌ప్లే, సత్యజిత్ రాయ్ రాసిన ది ఏలియన్, అమెరికన్ దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ రాసిన నెపోలియన్. రెండోది, తోటి రచయితలు చదివి అభిప్రాయం చెప్పమని ఇచ్చిన స్క్రిప్టులు. పేర్లు, కథలు చెప్పను కానీ, నాకు ఎక్కువ నేర్పినవి ఈ రెండో రకమే.

పింటర్ దగ్గర ఆగిపోయాను

ఒక స్క్రిప్టు చదివి పక్కన పెట్టి తర్వాతదానికి వెళ్లాలని ప్లాన్. పింటర్ దగ్గర అది కుదరలేదు. మొదటి కొన్ని పేజీలే మళ్లీ మళ్లీ చదువుతూ కూర్చున్నాను.

ప్రూస్ట్ మహానవలను సినిమాగా కుదించే ఈ పనిని, దర్శకుడు జోసెఫ్ లోసీతో, బార్బరా బ్రేతో కలిసి పింటర్ 1972లో చేశారు. సినిమాకు డబ్బు సమకూరలేదు. స్క్రిప్టు 1977లో పుస్తకంగా వచ్చింది. అది మొదలయ్యే తీరు చూడండి. తెర నిండా పసుపు రంగు. తోట గేటు గంట మోగిన శబ్దం. తర్వాత ఆగి ఉన్న రైలు పెట్టెలోంచి కనిపించే చెట్ల వరస, శబ్దం లేదు. మళ్లీ ఒక్క క్షణం పసుపు. ఎత్తైన కిటికీలోంచి సముద్రం, ముందువైపు వేలాడుతున్న టవల్, శబ్దం లేదు. ఇలా మాటల్లేని షాట్లు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. ఎవరు చూస్తున్నారో, ఎందుకు చూస్తున్నారో చెప్పడు.

నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది ఆ "శబ్దం లేదు" అనే ముక్క. షాట్ తర్వాత షాట్‌లో అది పదే పదే వస్తుంది. చదివేవాళ్ల చెవి నిశ్శబ్దానికి అలవాటు పడిపోతుంది. ఆ తర్వాత చిన్న శబ్దం రాసినా, స్పూను పళ్లేనికి తగిలినంత శబ్దమైనా సరే, పేజీ మీద ఉలిక్కిపడేంతగా వినిపిస్తుంది. మ్యూజిక్ డైరెక్టర్ లేడు, సౌండ్ మిక్సింగ్ లేదు. ఒకే మాటను తిరిగి తిరిగి వాడి, ఒకచోట ఆపేయడంతో ఆ పని అయిపోయింది.

ఆ చెట్లు, ఆ టవల్, ఆ పసుపు ఏమిటన్నది కథ సాగుతుంటే ఒక్కొక్కటిగా తెలుస్తుంది. పసుపు రంగు డచ్ చిత్రకారుడు వెర్మీర్ గీసిన డెల్ఫ్ట్ నగర చిత్రంలో ఒక గోడ ముక్క అని చివరికి అర్థమవుతుంది. సెటప్ (ముందు ఒకటి చూపించి పెట్టడం), పే-ఆఫ్ (తర్వాత దాన్ని వాడుకోవడం) అనే మాటలు ఎన్నో క్లాసుల్లో వింటాం. సాధారణంగా సెటప్ అంటే టేబుల్ సొరుగులో తుపాకీ చూపించడం లాంటిది, చూడగానే ఇది తర్వాత పనికొస్తుందని తెలిసిపోతుంది. ఇక్కడ బొమ్మ ముందు వస్తుంది, దాని అర్థం ఎంతో తర్వాత వస్తుంది. ఈ మధ్యలో చదివేవాళ్లు దాన్ని మోస్తూ ఉండాలి. మోయించగలగాలంటే ఆ బొమ్మ మర్చిపోలేనంత స్పష్టంగా ఉండాలి, మూడు లైన్ల వర్ణన అక్కర్లేదు. ముందువైపు టవల్ లేకపోతే అది ఏదో ఒక సముద్రం. టవల్ ఉంది కాబట్టే ఫలానా కిటికీ, ఫలానా గది.

దీన్ని సాధనగా మార్చుకున్నాను. ఏదైనా ఒక చోటును రెండు వస్తువులతో, ఒక శబ్దంతో రాయాలి, మూడో వస్తువు పెట్టకూడదు. రోజూ పడుకునే ముందు ఇలాంటిది ఒకటి రాస్తున్నాను. విశేషణాలు వాటంతట అవే తగ్గిపోయాయి.

సీన్ షీట్, చెరువులో పడ్డ వస్తువు

పద్ధతిగా పని చేయడానికి ఒక షీట్ తయారుచేసుకున్నాను. ప్రతి సీన్‌కీ ఒక వరస. ఎవరికి ఏం కావాలి, సీన్ అయ్యేసరికి ఏం మారింది, చదివేవాళ్లకు కొత్తగా ఏం తెలిసింది, ఈ సీన్ తీసేస్తే తర్వాత ఏది అర్థం కాకుండా పోతుంది. చివరి గడి నింపడమే అన్నిటికన్నా కష్టం, అక్కడే అసలు సంగతి బయటపడుతుంది.

ఈ షీట్‌ను మొదట పూర్తిగా వాడింది రాయ్ స్క్రిప్టు మీద. 1962లో తానే బెంగాలీలో రాసిన బొంకుబాబుర్ బొంధు కథలోని ఊహను తీసుకుని, 1967లో ఇంగ్లీషులో రాశారు. కొలంబియా పిక్చర్స్ దాకా వెళ్లింది, సినిమా కాలేదు. 2018లో ట్రావెయిల్స్ విత్ ది ఏలియన్ అనే పుస్తకంలో స్క్రిప్టు, దాని చుట్టూ జరిగిన కథ రెండూ అచ్చయ్యాయి. బెంగాల్ పల్లెటూరి తామర చెరువులో ఒక అంతరిక్షనౌక దిగుతుంది. నీళ్లలోంచి కనిపించే కొసను చూసి ఊరివాళ్లు అది మునిగిపోయిన గుడి అనుకుంటారు. డబ్బున్న వ్యాపారికి అక్కడ ఇంకో లెక్క కనిపిస్తుంది. ఊళ్లోకి వచ్చిన జర్నలిస్టుకు అది ఒక వార్త. హాబా అనే పేద పిల్లవాడికి వీటిలో ఏదీ అక్కర్లేదు.

షీట్‌లో "ఎవరికి ఏం కావాలి" అనే గడి ఒక్కటే పైనుంచి కిందికి చదువుకుంటూ పోతే ఒక విషయం తెలిసింది. వస్తువు కదలదు. అక్కడే చెరువులో ఉంటుంది. దాన్ని చూసే మనుషులు మారినప్పుడల్లా కథ కదులుతుంది. నేను రాసుకున్న పాత కథలన్నిటిలో సంఘటనలే ఎక్కువ: ప్రమాదం, ఫోన్ కాల్, పాత స్నేహితుడి రాక. ఒక్క వస్తువును మధ్యలో పెట్టి దాని చుట్టూ నాలుగు కోరికలు తిప్పవచ్చని నాకు తట్టేది కాదు. ఈ ఒక్క ఆలోచన కోసమే ఆ షీట్ పని మొత్తం చేసినా గిట్టుబాటే.

కుబ్రిక్: చిన్న నోట్

నెపోలియన్ డ్రాఫ్ట్ మీద ఉన్న తేదీ 1969 సెప్టెంబర్ 29. భారీ ఖర్చుకు భయపడి స్టూడియోలు వెనక్కి తగ్గాయి. స్క్రిప్టుగా ఇది నన్ను అంతగా పట్టుకోలేదు. జీవితచరిత్ర కావడంతో ఒక ఘట్టం తర్వాత ఇంకో ఘట్టం అన్నట్టు నడుస్తుంది, వెనకనుంచి వినిపించే కథకుడి గొంతు మీద చాలా భారం వేస్తుంది. దానితోపాటు రాసుకున్న నిర్మాణ నోట్స్ మాత్రం వదలకుండా చదవాలి. వేలమంది సైనికులకు యూనిఫాంలు ఎలా అన్న ప్రశ్నకు, కాస్త దూరం నుంచి అసలువాటిలాగే కనిపించే కాగితపు బట్ట వాడాలనుకున్నారు. "సైన్యం నది దాటుతుంది" అని రాయడానికి మూడు మాటలు చాలు. ఆ మూడు మాటలకు ఎంత ఖర్చవుతుందో రాసేవాళ్లకు కూడా ఎంతో కొంత తెలిసి ఉండాలి. అప్పటినుంచి నా షీట్‌లో ఇంకో గడి చేరింది: ఎంతమంది మనుషులు, ఎన్ని చోట్లు, పగలా రాత్రా.

తోటివాళ్ల స్క్రిప్టులు, కవరేజ్ రాయడం

స్టూడియోల్లో స్క్రిప్టులు చదివే ఉద్యోగులు ప్రతిదానికీ ఒక చిన్న రిపోర్టు రాస్తారు. దాన్ని కవరేజ్ అంటారు. ఒకటి రెండు వాక్యాల్లో కథ, తర్వాత సారాంశం, తర్వాత వ్యాఖ్య, చివర్లో తీర్పు: పాస్, కన్సిడర్, రికమెండ్. ఇక్కడ పాస్ అంటే వద్దని. తోటి రచయితల స్క్రిప్టులకు నేనూ ఇదే పద్ధతిలో రాయడం మొదలుపెట్టాను, తీర్పు మాత్రం తీసేసి. రాసినవాళ్లకు కావలసింది తీర్పు కాదు, ఏ పేజీలో నా దృష్టి జారిందో ఆ పేజీ నంబరు.

పేజీ నంబర్లు రాస్తూ పోతే ఒక లక్షణం పదే పదే ఎదురైంది. స్క్రిప్టు సగానికి వచ్చేసరికి, మనకు ముందే తెలిసిన విషయాన్ని హీరో ఇంకొకరికి చెప్పే సీన్లు మొదలవుతాయి. తమ్ముడు దొంగతనం చేశాడని మనం చూశాం. హీరో ఆ సంగతి భార్యకు చెబుతాడు, స్నేహితుడికి చెబుతాడు, పోలీసుకు చెబుతాడు. ప్రతి సీన్‌లోనూ డైలాగులు బాగుంటాయి, ఏడుపు ఉంటుంది, కోపం ఉంటుంది. షీట్‌లో "కొత్తగా ఏం తెలిసింది" అన్న గడి మాత్రం ఖాళీ. సెకండాఫ్ సాగదీసినట్టుంది అని మనం అనేది చాలాసార్లు ఈ ఖాళీ గడుల గురించే.

మంచి స్క్రిప్టుల్లో ఇదే పరిస్థితి ఎలా దాటారో వెతికాను. ఎక్కువగా కనిపించిన దారి ఇది: చెప్పడం అయిపోయిన తర్వాత సీన్ మొదలవుతుంది. భార్యకు అప్పటికే తెలుసు, ఆమె బీరువా తాళం మారుస్తోంది. చెప్పే సీన్ పోయింది, విన్నాక ఆమె చేసిన పని మిగిలింది. ఈ మాట తోటి రచయిత ఒకరికి రాసి పంపితే, రెండు సీన్లు తీసేసి కొత్త డ్రాఫ్ట్ పంపారు. స్క్రిప్టు ఎంత పదునెక్కిందో చదువుతుంటే తెలిసింది, ఆ రోజంతా నాకు సంతోషంగా ఉంది.

తెలుగులో ఫార్మాట్

హాలీవుడ్ లెక్క ప్రకారం ఒక పేజీ అంటే సుమారు ఒక నిమిషం సినిమా. అది కొరియర్ ఫాంటు, 12 పాయింట్ సైజు, స్థిరమైన మార్జిన్ల మీద ఆధారపడిన లెక్క. ఆ ఫాంటులో ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు. తెలుగులో గుణింతాలు, వత్తుల వల్ల లైన్ల మధ్య ఎడం ఎక్కువ కావాలి, అక్షరాల వెడల్పూ ఒకేలా ఉండదు. కాబట్టి ఆ లెక్కను నేరుగా తెచ్చుకోలేం. నేను చేసిందేమిటంటే, నా పేజీలను స్టాప్‌వాచ్ పెట్టుకుని, యాక్షన్ లైన్ల (పాత్రలు చేసే పనులు రాసే లైన్లు) దగ్గర ఆ పని జరగడానికి పట్టేంత సమయం ఆగుతూ, పైకి చదివాను. పేజీ సుమారు నిమిషానికి వచ్చేదాకా ఫాంటు సైజు, మార్జిన్లు సర్దుకున్నాను. ఆ టెంప్లేట్‌ను ఇక కదపను.

రాయడానికి ఫౌంటెన్ అనే పద్ధతి వాడుతున్నాను. మామూలు టెక్స్ట్ ఫైలులో రాసుకుంటూ పోతే, దాన్ని చదవగలిగే యాప్ స్క్రిప్టు ఫార్మాట్‌లోకి మార్చేస్తుంది. చిక్కేమిటంటే, ఒక లైను పూర్తిగా పెద్దబడి (క్యాపిటల్) అక్షరాల్లో ఉంటే అది పాత్ర పేరని గుర్తుపడుతుంది. తెలుగులో పెద్దబడి, చిన్నబడి లేవు కదా. పరిష్కారం ఫౌంటెన్‌లోనే ఉంది: పాత్ర పేరు ముందు @ గుర్తు, సీన్ హెడింగ్ (సీన్ ఎక్కడ, ఎప్పుడు జరుగుతుందో చెప్పే లైను) ముందు ఒక చుక్క పెడితే సరిపోతుంది. ఇక పాత్ర మొదటిసారి కనిపించినప్పుడు ఇంగ్లీషు స్క్రిప్టుల్లో పేరును పెద్దబడిలో వేస్తారు. దాని బదులు నేను పేరు కింద గీత గీస్తున్నాను.

సొంత స్క్రిప్టు: మొదటి సీన్లు

చిన్న సినిమా. తండ్రి పోయాక అక్కాతమ్ముళ్లు ఆయన ఇల్లు అమ్మేస్తున్నారు. ఇల్లు కొన్నవాళ్లకు అప్పగించే ముందురోజు రాత్రి కథ. రాయ్ దగ్గర నేర్చుకున్నది గుర్తుపెట్టుకుని, మధ్యలో ఒక వస్తువు పెట్టాను: తాళాలగుత్తి.

తమ్ముడు రఘు పరిచయం పాత డ్రాఫ్ట్‌లో ఇలా ఉండేది:

*రఘు దిగాలుగా కూర్చుని ఉంటాడు. తండ్రి లేని ఇల్లు అతనికి వెలితిగా అనిపిస్తోంది. ఆయన పోయాడన్న నిజాన్ని అతని మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు.*

ఇది కెమెరాకు కనిపించదు. ఇప్పుడున్నది:

*రఘు అట్టపెట్టెకు టేపు అంటిస్తుంటాడు. జేబులో ఫోన్ మోగుతుంది. తీసి చూస్తాడు. అలారం. తెర మీద: "నాన్న బీపీ టాబ్లెట్". రఘు బొటనవేలు ఆపు బటన్ దాకా వెళ్లి ఆగుతుంది. స్నూజ్ నొక్కి, ఫోన్ జేబులో పెట్టుకుంటాడు. టేపు లాగుతాడు.*

స్నూజ్ నొక్కాడంటే కొద్ది నిమిషాల్లో అది మళ్లీ మోగాలి. అక్క ఉన్నప్పుడు మోగుతుంది. ఆ రెండోసారి మోగడమే నాకు తర్వాతి సీన్ ఇచ్చింది, దానికోసం విడిగా వెతుక్కోవాల్సిన పని రాలేదు.

అక్క శారదతో మాటలు పాత డ్రాఫ్ట్‌లో:

*శారద: ఇల్లు అమ్మడం నాకు ఇష్టం లేదురా. నాన్న జ్ఞాపకాలన్నీ ఇక్కడే ఉన్నాయి.*
*రఘు: నాకు మాత్రం ఇష్టమా అక్కా? అప్పులు తీరాలి కదా.*

ఇప్పుడు:

*శారద తాళాలగుత్తి లైటు కింద పెట్టుకుని చూస్తుంటుంది.*
*శారద: రేపు వాళ్లకు ఎన్ని తాళంచెవులు ఇవ్వాలి?*
*రఘు: మూడు.*
*శారద: ఒకటి పోయిందని చెప్పు.*
*రఘు పెట్టె మీద రాయడం ఆపుతాడు.*
*రఘు: ఏది పోయింది?*
*శారద: పెరటి తలుపుది.*

పాత మాటలు అబద్ధమేమీ కాదు, నిజంగా మనుషులు అలా మాట్లాడుకుంటారు కూడా. కానీ రెండు వాక్యాల్లో ఇద్దరి మనసులూ తెలిసిపోయాక ఆ సీన్‌లో మిగిలేదేమీ లేదు. కొత్తదాంట్లో రఘు ఒప్పుకుంటాడా, రేపు ఆ అబద్ధం ఎవరు చెబుతారు, పెరటి తలుపే ఎందుకు అని మూడు ప్రశ్నలు ముందుకు వెళ్తాయి. "ఏది పోయింది?" అన్న మాటలో రఘు సగం ఒప్పుకున్నాడని పైకి చదివినప్పుడు నాకు తెలిసింది. ఆ మాట రాసేటప్పుడు ఆ ఆలోచన లేదు, అందుకే దాన్ని ఇక ముట్టుకోవడం లేదు.

ఇప్పుడు ఎక్కడున్నాను

డ్రాఫ్ట్ చివరిదాకా వచ్చింది. షీట్ వేసి చూస్తే మధ్యలో ఒక సీన్ దగ్గర గడి ఖాళీగా ఉంది: ఇల్లు కొన్న ఆయన ఫోన్ చేసి టైము మార్చే సీన్. టైము మారిందన్న విషయం తర్వాతి సీన్‌లో ఎలాగూ తెలుస్తుంది. దాన్ని తీసేయాలా, లేక ఫోన్ మాట్లాడేది శారద అయితే ఏమైనా మారుతుందా అని చూస్తున్నాను. శారద మాట్లాడితే, అబద్ధం చెప్పే అవకాశం ఆమెకు రాత్రే దొరుకుతుంది. అప్పుడు పొద్దున జరిగే సీన్ మొత్తం తిరగరాయాలి. రెండు రకాలుగానూ రాసి పక్కపక్కన పెట్టుకుంటాను.

అది తేలాక, ఇద్దరు స్నేహితులతో పైకి చదివించాలి. నేను వినడమే తప్ప నోరు విప్పకూడదు, యాక్షన్ లైన్లు మూడో మనిషి చదవాలి. చదువు విషయానికొస్తే, పింటర్ స్క్రిప్టు రెండో సగానికి ఇంకా షీట్ వేయలేదు. ఈ వారం దానితో మొదలుపెడుతున్నాను.